పదకొండు గీతల పిన్ను

నేను ఒక చెరకు రసం మిషన్ని. అనకాపల్లి శివార్లలో, రైలు గేటు దాటాక వచ్చే ఒక రేకుల షెడ్డులో పుట్టాను. కానీ పుట్టుక నుంచి చెబితే నా కథ మీకు అందదు. నూకరత్నం కుడిచేతి మూడు వేళ్లు పోయిన రోజు నుంచి చెప్పాలి.

వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం. చోడవరం బస్టాండు బయట తాటాకు పందిరి కింద నన్ను పెట్టుకుని రసం అమ్మేది నూకరత్నం. ఒకసారి పిండిన చెరకును మడిచి, మధ్యలో నిమ్మచెక్క, అల్లం ముక్క పెట్టి మళ్లీ నా రోలర్ల మధ్యకు తోసేది. ఆ రోజు పిప్పితో పాటు చీర చెంగు లోపలికి వచ్చింది. చెంగును లాగబోయిన చెయ్యి కూడా వచ్చింది. అటువంటి సమయం కోసమే నా అడుగున ఒక లివరు ఉంది. కాలితో తన్నితే రోలర్లు ఆగిపోవాలి. ఆమె తన్నింది. లివరు కిందికి దిగింది. నేను ఆగలేదు. రసం కోసం నిలబడ్డ కండక్టరు మోటారు వైరు పీకేసరికి జరగవలసింది జరిగిపోయింది.

మర్నాడు నూకరత్నం అన్న నన్ను ఆటోలో వేసుకొచ్చి షెడ్డు గేటు ముందు దించాడు. "ఈ దెయ్యాన్ని మీరే ఉంచుకోండి" అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు.

నన్ను ముందుగా విప్పి చూసింది ఇందుమతి. ఆ షెడ్డులో మిషన్ల డ్రాయింగులు గీసేది ఆమే. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే స్టూలు. లివరుకీ రోలర్ల గేరుకీ మధ్య చిటికెన వేలంత పిన్ను ఒకటి ఉంటుంది; లివరు తన్నితే గేరును విడదీసేది అదే. దాన్ని బయటికి లాగి ఎండలోకి తెచ్చి చూసింది. అది వంగిపోయి ఉంది. ఆకురాయితో ఒకసారి గీసింది. తెల్లగా గీత పడింది. మెత్తటి ఇనుము. గట్టి ఉక్కైతే గీత పడదు.

ఆమె అక్కడే కూర్చుండిపోయింది. ఎందుకంటే ఆ పిన్ను మార్చమని ఆరు నెలల కిందటే ఆమె గీసి ఇచ్చింది. చిన్న మోటారు ఉన్నంతకాలం మెత్తటి పిన్ను సరిపోయేది. పెద్ద మోటారు పెట్టాలని యజమాని సత్యారావు గారు అన్నప్పుడు, చెరకు నిండుగా ఉన్నప్పుడు ఆ లాగుడుకు మెత్తటిది వంగిపోతుందని, గట్టి ఉక్కు పిన్ను వెయ్యాలని కొత్త డ్రాయింగు గీసి, సంతకం పెట్టి, ఫిట్టరు అప్పలకొండ బల్ల దగ్గర మేకుకు తగిలించింది. పాత డ్రాయింగు మాత్రం గోడ మీదే ఉండిపోయింది. దానికి రెండు దసరాల పసుపు, కుంకుమ అంటుకుని ఉన్నాయి. దేవుడి కాగితంలా ఉన్న దాన్ని చింపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అప్పలకొండకు రెండింటితోనూ పని లేదు. పద్దెనిమిదేళ్లుగా అతని చేతికి అలవాటైన పిన్నే అతను వేశాడు. చింపవలసింది ఇందుమతి. ఆ వారం ఆమె భర్త విశాఖపట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. అతను పోయి, ఆమె తిరిగి షెడ్డుకు వచ్చేటప్పటికి పదహారు రోజులు గడిచాయి. అప్పటికి ఆమె గోడల వంక చూసే స్థితిలో లేదు.

అలా పెద్ద మోటారు, మెత్తటి పిన్ను కలిసి బయటికి వెళ్లినవి నేను కాక మరో అరవై. అవి ఏవో ఎవరికీ తెలియదు. మా షెడ్డులో నంబరు పలకలన్నీ ఏడాదికోసారి, మంచిరోజు చూసి, ఒకేసారి గుద్దిస్తారు. వాటిని డబ్బాలో పోసి, చేతికి ఏది వస్తే అది బిగిస్తారు. నా నంబరు నూట ఎనభై ఎనిమిది. అది చూసి నేను ఎప్పుడు పుట్టానో, నా కడుపులో ఏ పిన్ను ఉందో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు.

ఇందుమతి సత్యారావు గారి దగ్గరికి వెళ్లి శనివారం భోజనాల తర్వాత అరగంట అడిగింది.

"దేనికమ్మా?"

"పాఠం చెప్పడానికండీ. మన మిషను గేటు దాటాక ఏమవుతుందో మనవాళ్లకి తెలియాలి. నాక్కూడా."

"చెప్పమ్మా. కానీ సోమవారం లోడింగు ఆగకూడదు."

వంగిన పిన్ను తీసేసి, అదే మెత్తటి రకం మరొకటి వేసి, నన్ను వేపచెట్టు కింద నిలబెట్టింది. కొత్త ఉక్కు పిన్ను వెయ్యలేదు. తప్పు ఎలా ఉంటుందో చూపించాలంటే తప్పు కళ్లముందు ఉండాలి కదా. మెడలో ఎర్ర అట్ట కట్టింది: "పాఠానికి మాత్రమే. అమ్మకూడదు."

ఆషాఢం చివర్లో పాఠం మొదలైంది. మొదటి శనివారం పదిహేడు మంది వచ్చారు. సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. ఇందుమతి గొంతు పెంచే మనిషి కాదు.

"గేటు దాటాక ఈ మిషను ఎవరిది, అప్పలకొండా?"

"కొన్నోడిదమ్మా."

"పాడైతే?"

"మెకానిక్కుది."

"వేళ్లు పోతే?"

కునికేవాళ్లకు మెలకువ వచ్చింది.

ప్రతి మిషనుకూ ఒక కార్డు ఉండాలని ఆమె చెప్పింది. ఏ డ్రాయింగు చూసి చేశారు, ఎవరు బిగించారు, ఏ ఊరు వెళ్లింది, ఏ భాగం ఎప్పుడు మార్చారు, చివరకు ఎక్కడ తుక్కయింది, అన్నీ అందులో ఉండాలి. పుట్టుక దగ్గర్నుంచి తుక్కు దాకా మిషను మనదే అనుకోవాలి అంది.

రంగులు వేసే ఎర్రునాయుడు ఊరుకోలేదు. "జాతకం అన్నమాట. అయితే పెళ్లి కూడా మీరే చేస్తారేటమ్మా?"

"పెళ్లి మీరు చేసి పంపేస్తూనే ఉన్నారు కదా నాయుడూ. అత్తింట్లో ఎలా ఉందో ఒక్కసారైనా అడిగారా?"

అందరూ నవ్వారు. ఎర్రునాయుడు మరీ ఎక్కువగా నవ్వాడు. ఆ రోజు నుంచి కార్డుకు జాతకం అనే పేరు ఖాయమైంది. మొట్టమొదటి జాతకం నాదే. పాఠం ముగిసే ముందు ఇందుమతి నా పిన్నును బయటికి తీసి, ఆకురాయితో గీసి, గీత అందరికీ చూపించి, మళ్లీ లోపల పెట్టేది. శనివారానికి ఒక గీత. తప్పును బాగా చూపించాలన్న తొందరలో తప్పు కొంచెం కొంచెంగా పలచబడుతోందని మనుషులకు తట్టదు. వాళ్ల బోధలో ఉన్న చిన్న లోపం అది.

నాలుగో శనివారం నూకరత్నం వచ్చింది. ఇందుమతే తీసుకొచ్చింది. నన్ను చూడగానే ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"లివరు తన్నలేదేమోనని మావాళ్లు కొందరు అంటున్నారు. నువ్వే చెప్పమ్మా" అంది ఇందుమతి.

"తన్నేనమ్మా. ఒకపాలి కాదు, నాలుగుపాల్లు తన్నేను. ఆగనేదు." కొంగు కింద నుంచి చెయ్యి బయటికి తీసింది. "నాను తన్ననేదని ఎవులంటన్నారో ఆల్ని ఇలగొచ్చి సూడమనండి."

అప్పలకొండ లేచి టీ గ్లాసు తెచ్చి అలవాటుగా ఆమె కుడిచేతి వైపు చాచాడు. నూకరత్నం ఎడమ చేత్తో అందుకుంది. అప్పలకొండ అక్కడ నిలబడలేక కుళాయి దగ్గరికి వెళ్లి ఊరికే చేతులు కడుక్కున్నాడు.

మరుసటి ఆదివారం నుంచి అతను సంచిలో ఉక్కు పిన్నులు వేసుకుని బస్సెక్కడం మొదలుపెట్టాడు. మాడుగుల, నర్సీపట్నం, యలమంచిలి. రసం బండి కనపడిన ప్రతిచోటా దిగేవాడు. "గీత పడిందా, మార్చేసి వచ్చేనమ్మా" అని సోమవారం ఉదయం ఇందుమతికి చెప్పేవాడు. దసరా నాటికి ఇరవై ఆరు మిషన్లు దొరికి జాతకాలకెక్కాయి. ఇంకా ముప్పై నాలుగు ఉన్నాయి. భర్త పోయాక ఇందుమతి ముఖంలో మొదటిసారి కాస్త వెలుగు చూశాను. దొరుకుతాయి అనుకుంది. నేనూ అనుకున్నాను.

తర్వాత ఆయుధపూజ వచ్చింది.

మా షెడ్డులో ఆయుధపూజకు ప్రతి వస్తువునూ కడిగి, రంగు వేసి, బొట్టు పెడతారు. సుత్తి దగ్గర్నుంచి తూకపు రాయి దాకా దేన్నీ వదలరు. వేపచెట్టు కింద దుమ్ము కొట్టుకుని ఉన్న నన్ను చూసి ఎర్రునాయుడికి జాలి కలిగింది. "ఇదీ మన బిడ్డే కదా" అంటూ మెడలోని ఎర్ర అట్ట తీసి పక్కన పెట్టాడు. రంగు అంటకుండా నంబరు పలక ఊడదీశాడు. ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేసి, బంతిపూల దండ వేసి, నా ముందు కొబ్బరికాయ కొట్టాడు. అంత ప్రేమగా నన్ను ఎవరూ చూసుకోలేదు.

ఇందుమతి పూజకు రాలేదు. భర్త పోయి ఏడాది తిరగలేదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. మూడు రోజులు ఇంట్లోనే ఉండిపోయింది.

దశమి మర్నాడు పార్వతీపురం డీలరుకు పది మిషన్లు పంపాలి. తొమ్మిదే తయారయ్యాయి. అప్పలకొండ వరసలో చివర మెరుస్తున్న నన్ను చూశాడు. నేను ఎవరినో అతనికి తెలుసు.

"దీని పిన్ను మార్చేరా?" అని స్టోరు చూసే కామేశును అడిగాడు.

"అన్ని శనివారాలు దాని గురించే కదా చెప్పేరు. మార్చకుండా ఉంటారేటి?" అన్నాడు కామేశు.

అప్పలకొండకు ఆ మాట సబబుగానే తోచింది. ఊళ్లు తిరిగి ముక్కూమొహం తెలియని ఇరవై ఆరు మిషన్లకు పిన్నులు మార్చిన మనిషి, ఎదురుగా ఉన్న నన్ను విప్పి చూడలేదు. దసరాకు కొత్తగా గుద్దించిన పలకల డబ్బాలో చెయ్యి పెట్టి, చేతికి వచ్చిన పలక నాకు బిగించాడు. రెండు వందల నలభై ఒకటి.

లారీ ఒక రోజు ఆలస్యమైంది. ఆ ఒక్కరోజూ గోనెపట్టా కింద పది మందిలో ఒకడిగా నేను గేటు దగ్గరే ఉన్నాను. ఇందుమతి వచ్చింది. వేపచెట్టు కింద ఖాళీ చూసి ఆగింది.

"కామేశూ, నూట ఎనభై ఎనిమిది ఏది?"

కామేశు లోడింగు కాగితాల హడావుడిలో ఉన్నాడు. తల ఎత్తలేదు. ఆ నంబరు పాఠం మిషనుదని అతనికి తట్టలేదు. "ఏమోనమ్మా. పూజకి పనికిరానివన్నీ తీసేరు కదా. తుక్కు బండిలో పోయుంటాది."

చెట్టు మొదట్లో పసుపునీళ్ల మడుగులో నా పాత పలక పడి ఉంది. ఇందుమతి వంగి తీసి చెంగుతో తుడిచింది. నేను ఆమెకు మూడు అడుగుల దూరంలో ఉన్నాను. పాఠం కోసం పదకొండు వారాలు నన్ను ముట్టుకున్న చెయ్యి అది. పట్టా ఎత్తి చూస్తుందేమో అనుకున్నాను. ఎత్తింది. వరసగా పది నంబర్లూ చదివింది. రెండు వందల నలభై ఒకటి అని కూడా చదివింది. అన్నీ దసరాకు చేసిన కొత్తవే అని రాసి ఉన్న కాగితంతో సరిచూసుకుని, పట్టా దించేసింది.

తర్వాత బల్ల దగ్గరికి వెళ్లి నా జాతకం తీసి, చివరి గడిలో 'తుక్కు' అని రాసి, తేదీ వేసి, పలకను దారంతో దానికి కట్టింది. అది చూసి అప్పలకొండ ఏమనుకున్నాడో నాకు తెలియదు. అప్పటికి లారీ కదిలింది. మా షెడ్డు చరిత్రలో మొదలు నుంచి చివరి దాకా నిండిన జాతకం నాదొక్కటే. ఇప్పటికీ కొత్తగా పనిలో చేరినవాళ్లకు అదే చూపిస్తూ ఉంటుందేమో, ఇలా రాయాలి అని.

ఇప్పుడు నేను సాలూరు బస్టాండు ఎదురుగా ఉన్నాను. నన్ను కొన్నది సీతాలు. ఆమె పొద్దున్నే నా రోలర్లకు నీళ్లు కొట్టి, పసుపు బొట్టు పెట్టి, మోటారు వేస్తుంది. చెరకు మడిచి తోసేటప్పుడు ఆమె గాజులు నా ఇనుముకు తగిలి చప్పుడు చేస్తాయి. సాయంత్రం కట్టేసే ముందు లివరును ఒకసారి కాలితో తన్ని చూస్తుంది. ఖాళీగా తిరుగుతున్న రోలర్లు ఆగుతాయి. "మంచి మిషను" అని పక్క బండి ఆమెతో చెబుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు నేనెప్పుడూ ఆగుతాను.

అప్పలకొండ ఇంకా ఆదివారాలు తిరుగుతున్నాడో లేదో తెలియదు. తిరిగినా అతను వెతికేది ముప్పై నాలుగింటి కోసం. నేను ఆ లెక్కలో లేను. ఒకవేళ ఈ బస్టాండులో దిగినా, నా మీద ఉన్న పలక చూసి, ఇది కొత్తది అనుకుని, ఒక గ్లాసు రసం తాగి వెళ్లిపోతాడు.

పదకొండు గీతల పిన్ను నాలోనే ఉంది. దాన్ని ఇంకా ఎవరూ మార్చలేదు.