పెరట్లో అడ్డురేకు

టైలరక్కకు కోపం ఊరికే రాదు. వచ్చిందంటే మాత్రం మిషను తొక్కే కాలు ఆగిపోతుంది. ముందుగదిలోంచి ఆ టకటక వినిపించడం మానిందంటే ఎవరికో మూడిందని వీధిలో అందరికీ తెలుసు. ఈమధ్య ఆ మిషను మాటిమాటికీ ఆగుతోంది. కారణం ఎప్పుడూ ఒకటే. పెరట్లో కోళ్లు.

పెరడంటే పెద్దదేం కాదు. వంటింటి తలుపు తీస్తే రెండు మెట్లు, ఒక కుళాయి, బట్టలారేసుకునే తీగ, గోడవారగా కోళ్ల గూడు. గూట్లో ఎనిమిది పెట్టలు, ఎదిగొస్తున్న పిల్లలు రెండు, వీటన్నిటికీ ఒక ఎర్ర పుంజు. వయసు మీదపడ్డ ఆ పుంజును ఆమె పెద్దాయన అని పిలుస్తుంది. పెద్దాయన తన పనేదో తాను చూసుకునే రకం. గింజలు చల్లితే ముందు తాను ముట్టడు. కొక్కొక్కుమని పెట్టల్ని పిలిచి, అవి తినడం మొదలెట్టాక తానూ ఒక గింజ ఏరుకుంటాడు. పైన డేగ నీడ కదిలిందంటే ఒక్క అరుపుతో అన్నిటినీ గూట్లోకి తోలేస్తాడు.

"ఈ ఇంట్లో బాధ్యత తెలిసిన మగాడు వీడొక్కడే" అనేది టైలరక్క. తమ్ముడు వచ్చి చేరాక ఆ మాట అతని ఎదురుగానే అనడం మొదలుపెట్టింది.

తమ్ముడికి నలభై దాటాయి. అయినా అందరికీ బుజ్జే. సరుకుల వ్యాను నడుపుతాడు. అద్దె ఇంటివాళ్లు ఉన్నపళంగా ఖాళీ చేయమంటే, వేరే ఇల్లు దొరికేదాకా అని భార్యను వెంటబెట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. రెండు సూట్‌కేసులు, ఒక టీవీ, కన్నాలు పొడిచిన ఒక అట్టపెట్టె దించాడు. ఆ పెట్టెలో ఉంది దొర. నల్లగా నిగనిగలాడే కుర్ర పుంజు. మెడ మీద ఈకలు వెన్నుదాకా వేలాడుతున్నాయి. కాలి ముళ్లు చూస్తేనే గుచ్చుకునేలా ఉన్నాయి.

"కొన్నాళ్లు వేరుగా ఉంచుదాం. రెండూ ఒకదాని కంట ఒకటి పడకూడదు" అంది అక్క.

"ఏం, దానికేమన్నా అంటురోగమా? వదిలెయ్యక్కా, అవే సర్దుకుంటాయి" అని బుజ్జి పెట్టె మూత తీసేశాడు.

అవి సర్దుకోలేదు. మెడలు కిందికి చాచి, ఈకలు గొడుగుల్లా విప్పి, ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకున్నాయి. మరుక్షణం రెండూ గాల్లో ఉన్నాయి. అక్క చీపురు అడ్డం పెట్టి విడదీసేసరికి పెద్దాయన తల మీది ఎర్రజుట్టు చీలి రక్తం కారుతోంది. బుజ్జి మాత్రం మెట్టు మీద కూర్చుని, "చూశావా మావాడి దెబ్బ!" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె పెరడు మధ్యలో వల కట్టింది. వల సందుల్లోంచి కూడా పొడుచుకున్నాయి. అప్పుడర్థమైంది, చూపు తగిలినంతసేపు ఇది ఆగదని. పాత షెడ్డు కప్పుకు వేసిన రేకు ఒకటి పడి ఉంటే ఈడ్చుకొచ్చి, వల వెంబడి నిలబెట్టి తీగతో బిగించింది. ఇటు పెద్దాయన, ఐదు పెట్టలు, రెండు పిల్లలు. అటు దొర, మూడు పెట్టలు. ఎవరి నీళ్లు వాళ్లవి, ఎవరి మేత వాళ్లది. కొట్లాట ఆగింది. కూతల పోటీ మాత్రం ఆగలేదు. పోనీలే, కూతకు రక్తం రాదుగా అనుకుంది.

అయితే మూడు పెట్టలు దొరకు ఏ మూలకు? మాటిమాటికీ వాటి మీదెక్కడంతో పదిరోజులు తిరక్కుండానే వాటి వీపుల మీద ఈకలు రాలిపోయి, చర్మం ఎర్రగా కమిలి బయటపడింది. టైలరక్క కూర్చుని, లైనింగు ముక్కల్ని రెండు మడతలు పెట్టి, రెక్కల కిందనుంచి ఎలాస్టిక్ వచ్చేలా వీపు కప్పులు కుట్టింది. ఒక్కోదాన్ని ఒళ్లో పెట్టుకుని తొడుగుతుంటే బుజ్జి పగలబడి నవ్వాడు.

"కోళ్లకి జాకెట్లా! కొలతలు సరిగ్గా తీశావా అక్కా?"

"నీ నోటికి కూడా ఒకటి కుడతాను, కొలత అక్కర్లేదు" అంది ఆమె తలెత్తకుండా.

అతని భార్య మాత్రం నవ్వలేదు. మందుల షాపులో పనిచేస్తుంది ఆ అమ్మాయి. పొద్దున వెళ్లి సాయంత్రం వస్తుంది. వచ్చేటప్పుడు పసుప్పచ్చ ఆయింట్‌మెంట్ ఒకటి తెచ్చి, "వదినా, పుండు మీద ఇది రాస్తే తొందరగా మానుతుందట" అని చేతిలో పెట్టింది. ఆమె మాట్లాడేదే తక్కువ.

ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులా, నాలుగునెలల కిందట పొదిగిన పిల్లలు రెండూ గొంతు సవరించుకుని కూయడం మొదలుపెట్టాయి. వాటితో కలిపి పుంజులు నాలుగయ్యాయి. ఎనిమిది పెట్టలకు ఒక్కడు చాలు, నలుగురెందుకు?

"బుజ్జీ, నీ దొరను ఎక్కడైనా తోటలోనో, పెట్టలు ఎక్కువున్న చోటో ఇచ్చెయ్. కుర్రవాటి సంగతి నేను చూస్తాను" అంది ఆమె.

"చూద్దాంలే."

ఆ చూద్దాం ఎన్నిసార్లు విందో లెక్కలేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. మరో చిత్రం కూడా గమనించింది. పొద్దున తాను బిగించిన తీగ సాయంత్రానికి వదులుగా ఉంటోంది. రేకు మూలన జానెడు సందు. గాలికేమో అనుకుని మళ్లీ బిగించేది. పెద్దాయన జుట్టు మీద కొత్త గాటు కనిపిస్తే, వలకు గీసుకుందేమో అనుకునేది. అనుకోవడమేగాని నమ్మకం లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పక్కవీధిలో ఒకావిడకు గౌను కొలతలు తీసుకోవడానికి వెళ్లింది. ఆవిడ ఇంట్లో లేదు. వెంటనే వెనక్కి తిరిగింది. సందు మలుపులోనే వినిపించాయి తన పెరట్లోంచి మగవాళ్ల కేకలు.

"ఎయ్! ఎయ్! అదీ దెబ్బంటే!"

వంటింట్లోంచి పరుగున వెళ్లి తలుపు తీసింది. రేకు గోడకు ఆనించి ఉంది. వల చుట్టచుట్టి పక్కన పడేశారు. బుజ్జి, అతనితో పనిచేసే ఇద్దరు వ్యాను వాళ్లు గుండ్రంగా నిలబడి ఫోన్లు ముందుకు చాపి వీడియో తీస్తున్నారు. మధ్యలో దొర, పెద్దాయన. పెద్దాయన నిలబడలేకపోతున్నాడు. పడుతున్నాడు, లేస్తున్నాడు, మళ్లీ దొర మీదికే పోతున్నాడు. వెనక మూలలో పెట్టలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి నక్కాయి.

టైలరక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. తీగ మీద ఆరేసిన దుప్పటి లాగి దొర మీద విసిరి, దుప్పటితో సహా ఎత్తి గూట్లోకి తోసి గడియపెట్టింది. పెద్దాయనను రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎడమకన్ను ఉండాల్సిన చోట ముద్దగా రక్తం. ఆ రక్తం ఆమె మణికట్టు మీదుగా జారుతోంది.

"ఫోన్లు జేబులో పెట్టుకుని బయటికి నడవండి" అంది వ్యాను వాళ్లతో. గొంతు పెంచలేదు. వాళ్లు చెప్పుల్లో కాళ్లు సరిగ్గా దూర్చుకోకుండానే వెళ్లిపోయారు.

బుజ్జి ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. "అబ్బ, ఏంటక్కా ఇంత రాద్ధాంతం? పుంజులు కొట్టుకోక కూర్చుని కబుర్లు చెప్పుకుంటాయా?"

"పుంజు చేసే పని పుంజు చేసింది. దాన్ని నేనేం అనడం లేదు. దానికి తెలిసింది అంతే. నువ్వు చేసిన పనేంటి? తీగ విప్పింది పుంజా? వల చుట్టచుట్టింది పుంజా? నెలరోజులుగా నేను బిగిస్తుంటే నా వెనకాల విప్పుతున్నావు కదరా!"

"సరదాకి..."

"సరదా! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇది నా పెరడు. పొద్దున లేచి గూడు కడిగేది నేను. పుళ్లకు మందు రాసేది నేను. నువ్వు ఒక్కరోజు వీటికి గుక్కెడు నీళ్లు పోశావా? నీకు కావాల్సింది దెబ్బలాట చూడ్డం. చేతికి మట్టంటకుండా చూడ్డం!"

"ముసలి కోడి కోసం తోడబుట్టినవాణ్ణి ఇన్ని మాటలంటావా?"

"అంటాను. ఇంకా అంటాను. ఇన్నాళ్లు అననందుకే ఇంతదాకా వచ్చింది."

బుజ్జి మొహం ఎర్రబడింది. కుళాయి దగ్గరి బకెట్టును కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ వెళ్లి గోడకు కొట్టుకుంది. "అయితే పోతాం! మా పుంజుతో సహా పోతాం! నీ పెరడు నువ్వే ఏలుకో" అని లోపలికి అరిచాడు. "ఏయ్, బట్టలు సర్దు!"

అతని భార్య అప్పటికే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కదల్లేదు.

"వినబడలేదా?"

"వినబడింది" అంది ఆమె. "మీరు విప్పినప్పుడల్లా షాపునించి రాగానే రేకు మళ్లీ ఎత్తిపెట్టింది నేనే. తీగ బిగించడం చేతకాక వదులుగా ఉండేది. వద్దని ఎన్నిసార్లు చెప్పాను? నా మాట ఏనాడు చెవిన పెట్టారు గనక? దొరను తీసుకుని మీరు వెళ్లండి. నేనెక్కడికీ రాను." ఆడపడుచు వైపు తిరిగింది. "ఉండమంటే ఉంటాను వదినా."

టైలరక్క ఆమె వైపు చూసింది. అన్నాళ్లుగా ఈ పిల్ల నోట్లో నాలుక లేనిదనుకుంది. "ముందు ఆ ఆయింట్‌మెంట్ పట్రా. గోరువెచ్చటి నీళ్లు కూడా" అంది.

బుజ్జి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తన వైపు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. దొరను అట్టపెట్టెలోకి ఎక్కించడానికి నానా తంటాలు పడ్డాడు. చేతి మీద రెండుసార్లు పొడిపించుకున్నాడు కూడా. ఎవరూ సాయం వెళ్లలేదు. వ్యాను తలుపు దబాలున వేసుకుని వెళ్లిపోయాడు.

పెద్దాయన కన్ను దక్కలేదు. ప్రాణం దక్కింది. వారంపాటు వంటింట్లో బుట్ట కింద పెట్టి, వదినా మరదళ్లిద్దరూ వంతులేసుకుని తినిపించారు. ఎడమవైపు ఏమీ కనిపించక గిన్నెకు గుద్దుకునేవాడు. గింజను ఒకటికి రెండుసార్లు పొడిస్తేగాని నోటికి అందేది కాదు. అది చూసినప్పుడల్లా టైలరక్కకు మళ్లీ కొత్తగా ఒళ్లు మండేది. అన్నం తింటూ తిట్టేది, బొత్తాలు కుడుతూ తిట్టేది. మరదలు వింటూ, మధ్యమధ్య తను కూడా ఒక తిట్టు అందించేది.

బుజ్జి మరుసటి వారం ఖాళీ చేతులతో వచ్చాడు. దొరను సరుకులు దించే దారిలో ఒక తోటవాళ్లకు ఇచ్చానన్నాడు. అక్కడ పాతిక పెట్టలున్నాయట, వేరే పుంజు లేదట. టైలరక్క నమ్మలేదు. ఆ తోటవాళ్లకు ఫోన్ చేయించి, నిజమేనని వాళ్ల నోటితో విన్నాకే గడప దాటనిచ్చింది.

"క్షమించక్కా" అన్నాడు.

"క్షమించడానికి కన్ను పోయింది నాది కాదు. వెళ్లి ఆ కర్రలు పట్రా."

కూతలు నేర్చిన కుర్ర పుంజులు రెంటినీ పెట్టలకు దూరంగా ఉంచాలి. పెట్టలు కంటబడకపోతే రెండు పుంజులు అన్నదమ్ముల్లా మసలుకుంటాయని ఆమెకు తెలుసు. ఇంటి పక్క సందులో వాటికి వేరే గూడు కట్టాలి. మూడు వైపులా చెక్క, పైన వల, మేతకు రెండు తొట్లు, ఒకటి తరిమితే రెండోది దాక్కోవడానికి మూలన ఒక పలక. అదంతా బుజ్జి చేత చేయించింది. ఎండలో పొద్దుటినుంచి సాయంత్రందాకా మేకులు కొట్టాడు. రెండు మేకులు వంకర పోతే పీకించి మళ్లీ కొట్టించింది. మంచినీళ్లు భార్యే తెచ్చిచ్చింది. ఇచ్చి, మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

పెరట్లో పెద్దాయన ఎనిమిది పెట్టల మధ్య తల పక్కకు వంచుకుని తిరుగుతున్నాడు. ఉన్న కంటితోనే పైకి చూస్తున్నాడు. పెట్టల వీపుల మీద చిన్నచిన్న ఈకలు మళ్లీ మొలుస్తున్నాయి. టైలరక్క వీపు కప్పులు విప్పి, ఉతికి, తీగ మీద ఆరేసింది.

"కోపం తగ్గిందా వదినా?" అంది మరదలు పక్కకొచ్చి.

సందులోంచి సుత్తి చప్పుడు వినిపిస్తోంది. టైలరక్క అటువైపు చూసింది.

"ఇంకా లేదు" అని ముందుగదిలోకి వెళ్లి మిషను ముందు కూర్చుంది. టకటక మళ్లీ మొదలైంది.