వెచ్చని పిడి

పొద్దున్నే కొట్టు తెరవగానే ఓమా చేసే మొదటి పని, గాజు బీరువాలో ఉన్న పాత పిస్తోళ్ళను ఒక్కొక్కటిగా తాకి చూడడం. పిల్లవాడికి జ్వరం తగ్గిందో లేదో చూసినంత మామూలుగా చూసేది. పిస్తోలును ఏళ్ళ తరబడి వాడిన మనిషి ఎక్కడో ఒకచోట బతికి ఉన్నంతకాలం దాని పిడి వెచ్చగా ఉంటుంది. ఏదైనా చల్లబడితే, "అయ్యో, ఎవరో పాపం" అనుకుని దాన్ని పై అరలోకి మార్చి ధర పెంచేది. వెచ్చనివి చవక. పరాయివాడి చెయ్యి పట్టుకుని వేటాడినట్టుంటుందని లారెల్ క్రీక్ లోయలో వాటిని ఎవరూ కోరి కొనరు.

ఉడతల వేట మొదలవడానికి ముందు వారం ఎల్డన్ కొట్టుకి వచ్చాడు. బొగ్గుగనిలో పైకప్పు కూలి ఒకప్పుడు విరిగిన భుజం ఈ ఏడు పూర్తిగా మొరాయించింది. రైఫిలు మడమ ఆనిస్తే చాలు, ప్రాణం పోయినట్టుంటోంది. భార్య పోయాక అతన్ని ఇంట్లోంచి బయటికి లాగేది అడవిలో ఈ వేట ఒక్కటే.

"ఉడతలకి పనికొచ్చే పిస్తోలు చూపించక్కా. మీట నొక్కితే చాలు, తర్వాతి గుండు దానంతటదే ఎక్కాలి. మణికట్టుకి బరువు తెలియకూడదు, గురి తప్పకూడదు. ధర మాత్రం నా మొహానికి తగ్గట్టుండాలి."

"నీ మొహానికి తగ్గట్టంటే రబ్బరు బ్యాండు ఇవ్వాలి" అంది ఓమా.

ముందు కొత్తది ఒకటి తీసింది. తేలిగ్గా ఉంది కానీ గొట్టం పొట్టి.

"ఇది జేబుకి బాగుంటుంది, ఉడతకి కాదు. చెయ్యి కాస్త వణికితే కొమ్మకి తగులుతుంది" అన్నాడు ఎల్డన్.

దుర్భిణి బిగించినది ఎత్తి చూసి, బరువని దించేశాడు. పై అరలోని ఉక్కు పిస్తోలు మనసుకి నచ్చింది, ధర చీటీ చూశాక నచ్చలేదు. చివరికి కింది అర వైపు వేలు చూపించాడు.

"వెచ్చనిదిరా అది. తర్వాత నా మీద పడి ఏడవకు" అంటూనే ఓమా దాన్ని బయటికి తీసింది. గుళ్ళుండే మ్యాగజైన్ లాగేసి, పై భాగం వెనక్కి జరిపి, లోపల గుండు లేదని చూపించి చేతికిచ్చింది. పొడుగు గొట్టం, బిగువైన స్ప్రింగు, తుప్పు మచ్చ లేదు. సగం ధర.

ఎల్డన్ పిడి పట్టుకున్నాడు. అరచేతి కింద వెచ్చన. చిటికెన వేలి కింద వెచ్చన, ఉంగరం వేలి కింద వెచ్చన. నడిమి వేలి దగ్గర మాత్రం ఆ వెచ్చదనం సగం దాకా వచ్చి ఆగిపోయింది.

అలా సగం వేలే ఉన్న మనిషి ఒక్కడే అతనికి తెలుసు.

మిగతా సగం తెగిపోయింది ఎల్డన్ కోసమే. కూలిన పైకప్పు కింద నుంచి అతన్ని లాగుతుంటే తమ్ముడు హోబర్ట్ వేలు బండ కింద నలిగింది.

"ఇది ఎక్కడిదక్కా?"

"నది అవతల, ఐరన్‌టన్‌లో ఒక అమ్మాయి అమ్మింది. తండ్రి మంచం పట్టాడట."

అన్నదమ్ములు చిన్నప్పటి నుంచీ ఒకే హికరీ చెట్టుకి చెరోవైపు వీపు ఆనించి ఉడతల కోసం కూర్చునేవాళ్ళు. పైన కాయ కొరికిన చప్పుడైతే ఒకడు మెల్లగా అడిగేవాడు, "నీ వైపా, నా వైపా?" అని. అవతలివాడు చెప్పేదాకా ఇద్దరూ కదలరు. తర్వాత గనిలో సమ్మె వచ్చింది. కూతురు ట్రెస్సాకి జబ్బు చేస్తే, చేతిలో కాసు లేక హోబర్ట్ పనిలోకి వెళ్ళాడు. గేటు దగ్గర అందరూ చూస్తుండగా ఎల్డన్ వాణ్ణి "సమ్మెద్రోహీ" అని పిలిచాడు. ఆ లోయలో ఆ మాట పడ్డవాడు ఇక ఉండలేడు. హోబర్ట్ పెళ్ళాం పిల్లతో నది దాటి వెళ్ళిపోయాడు.

ఎల్డన్ పిస్తోలు కొన్నాడు కానీ నది వైపు వెళ్ళలేదు. 'బతికే ఉన్నాడుగా. వాడే కబురు పెట్టొచ్చుగా' అనుకున్నాడు.

వేట మొదలైన రోజు పొద్దున హికరీ చెట్టు కింద, తన వైపున కూర్చున్నాడు. కాయల పొట్టు రాలుతోంది. ఉడత కనిపించింది. రెండు చేతులూ మోకాలి మీద ఆనించి గురి పెట్టాడు. అంతలో చిటికెన వేలి కింద పిడి చల్లబడింది. వెనకే ఉంగరం వేలి కింద కూడా.

మ్యాగజైన్ లాగి, లోపలి గుండు కూడా తీసేసి, పడుతూ లేస్తూ ట్రక్కు దగ్గరికి పరుగెత్తాడు.

నది దాటి ఐరన్‌టన్‌లో ఇల్లు వెతికి పట్టుకుంటే, తలుపు తీసినది ట్రెస్సా. కాసేపు తేరిపార చూసింది.

"పెదనాన్నా?" అంది. "ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?"

ఎల్డన్ తల దించుకున్నాడు. ఆ అమ్మాయి పక్కకి జరిగి దారి ఇచ్చింది.

హోబర్ట్ దిండు మీద ఎండుటాకులా ఉన్నాడు. అన్న నడుముకి ఉన్న పిస్తోలు కేసి చూశాడు.

"ఎంతకి కొన్నావు?"

"సగం ధరకి."

"మోసపోయావు. చివరి గుండు ఇరుక్కుంటుంది దాంట్లో."

"పోనీలే. వెచ్చగా ఉందని కొన్నాను."

హోబర్ట్ నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. ఎల్డన్ ఆ సగం వేలి చెయ్యి పట్టుకున్నాడు. "గేటు దగ్గర నేనన్న మాట..." అని మొదలుపెట్టాడు.

"ష్" అన్నాడు హోబర్ట్, కళ్ళు కప్పు మీద పెట్టి. "విను. నీ వైపా, నా వైపా?"

ఎల్డన్ కప్పు కేసి చెవి ఒగ్గాడు, ఏ వైపో తేల్చుకోలేకపోయాడు. మధ్యాహ్నం ఎండ మంచం మీదికి వచ్చేసరికి అతని గుప్పిట్లో ఆ చెయ్యి చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా చల్లబడింది.

"ఇప్పుడది చల్లటి సరుకు. రెట్టింపు ఇస్తాను, ఇచ్చేయరా" అంది ఓమా, అంత్యక్రియలయ్యాక. ఎల్డన్ తల అడ్డంగా ఊపాడు.

ఆకులు రాలే వేళకి మళ్ళీ హికరీ చెట్టు కింద కూర్చున్నాడు, ఎప్పటిలా తన వైపునే. పిడి మంచుముక్కలా ఉంది. పైన ఎక్కడో కాయ కొరికిన చప్పుడు. పొట్టు చెట్టుకి అవతల రాలుతోంది. కాస్త వంగితే చాలు, ఉడత గురికి అందుతుంది.

ఎల్డన్ వంగలేదు. పిస్తోలు ఒళ్ళో పెట్టుకుని, వీపు చెట్టుకి గట్టిగా ఆనించాడు.

"నీ వైపేరా" అన్నాడు.