మూడో మలుపు దాటాక

పొయ్యి గట్టు తుడుస్తుంటే మా ఆయన వచ్చి శుభవార్త చెప్పాడు. నాకోసం ట్రెడ్‌మిల్ కొంటున్నాడట. వెనక వరండాలో వాషింగ్ మెషీన్ పక్కన సరిగ్గా పడుతుందని టేపు పెట్టి కొలిచి కూడా చూశాడు.

"ఎండా వానా బాధ ఉండదు. నడుస్తూనే కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకోవచ్చు" అన్నాడు ప్రేమగా.

నిజంగా ప్రేమే. అదే కష్టం. తిట్టుంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

ఏడాదిన్నర కిందట నాకు షుగర్ ఉందని తేలినప్పుడు, రోజూ ముప్పావు గంట నడవమని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. దాన్ని ఫ్రిజ్‌కి అంటించాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా పేరున్న కాగితం అందరికీ కనబడేలా పెట్టింది అదొక్కటే. ఊరి చివర, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతికొండ మీద ఒక కాలిబాట ఉంది. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నం. ఒకవైపు తుప్పుపట్టిన కమ్మీ, దాని కింద నల్లటి బండలు, వాటి మీద విరిగిపడే అలలు. మూడో మలుపు దాటితే ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. మొదటిరోజు ఫోన్ పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ తిరిగాను. తిరిగొస్తుంటే ఏడు మిస్డ్ కాల్స్ ఒక్కసారే వచ్చిపడ్డాయి. నీలం చొక్కా కోసం కొన్ని, అత్తయ్య కళ్ళజోడు కోసం కొన్ని. పరుగున ఇంటికొస్తే చొక్కా ఆయన ఒంటి మీదుంది, కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదుంది. వాళ్ళే వెతుక్కున్నారు. అప్పట్నుంచి నా కాళ్ళు మూడో మలుపు కోసం తొందరపడేవి.

అత్తయ్య మాత్రం గడియారం చూస్తూనే ఉండేది. "ముప్పావు గంటన్నారు కదమ్మా, గంటంపావైంది. మందైనా ఎక్కువ మింగకూడదు" అనేది.

అసలు సంగతి ఇంకొకటుంది. రెండు నెలల కిందటి పరీక్షలో నా షుగర్ మామూలు స్థాయికి వచ్చేసింది. జబ్బు తగ్గిందంటే ఇంక నడకెందుకంటారని, ఆ రిపోర్టు వంటింటి డబ్బాల వెనక దాచాను. ఆరోగ్యాన్ని దొంగసొత్తులా దాచుకున్నాను.

ట్రెడ్‌మిల్ మాట విన్నరోజు కొండ చివర బండ మీద కూర్చున్నాను. జబ్బుంటే వరండా, లేకపోతే వంటిల్లు. రెండిట్లోనూ ఈ బాట లేదు. మా ఆయన రోజూ సాయంత్రం స్నేహితుల దగ్గరికి పోతాడు కదా, ఏ డాక్టరు రాసిచ్చింది? అనుకోగానే నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. గాలి ఆ నవ్వు ఎత్తుకుపోయింది.

ఇంటికొచ్చి రిపోర్టు బల్ల మీద పెట్టాను. ఆయన తేదీ చూసి నా మొహం చూశాడు. రెండు నెలలు చెప్పలేదేమని కాసేపు నొచ్చుకున్నాడు. తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"పోన్లే, తగ్గిపోయిందిగా. మెషీన్ అక్కర్లేదు, నువ్వు కొండెక్కే పనీ లేదు."

"మెషీన్ వద్దు. కొండకి మాత్రం వెళ్తానండి."

"జబ్బే లేదుగా?"

"లేదు. ఇష్టం ఉంది."

ఆయన రిపోర్టు మళ్ళీ మొదట్నుంచి చదవసాగాడు. నాకు మాత్రం భుజాల మీంచి తడిబట్టల మూట దించినట్టయింది. ఫ్రిజ్ మీది చీటీ పీకేశాను.

మర్నాడు చెప్పులు వేసుకుంటుంటే అత్తయ్య అలవాటుగా గడియారం వైపు చూసింది.

"ఎంతసేపమ్మా?"

"తెలీదత్తయ్యా" అన్నాను.