గేటు దగ్గర తనిఖీ

నా కొడుకు కిషన్ సిగరెట్ మానేశానని చెప్పినప్పుడు నాకు సంతోషం కలగలేదు. వాడి తండ్రి రాయమల్లు కూడా అలాగే చాలాసార్లు మానేశాడు. చివరికి దగ్గుతూ దగ్గుతూనే పోయాడు. కొడుకు ఛాతీలోంచి అదే దగ్గు వినబడినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

అందుకే వాడిని కనిపెట్టుకుని ఉన్నాను. బొగ్గుగనిలో డ్యూటీ నుంచి వచ్చి విప్పిన చొక్కాను ఉతకడానికని తీసుకుని ముందు ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. బొగ్గు, చెమట, అంతే. పొగ వాసన లేకపోతే మరీ అనుమానం, ఎక్కడో నోరు కడుక్కుని వస్తున్నాడేమోనని. అన్నం తిన్నాక వాడు క్వార్టర్ వెనక్కి పోతే, ఆరేసిన బట్టలు తీసే సాకుతో నేనూ పోయేదాన్ని. ఊరికే గోడకు ఆనుకుని నిలబడేవాడు. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం పెదవుల దాకా పోయి ఖాళీగా దిగేవి. నన్ను చూడగానే చేయి వెనక్కి పెట్టుకునేవాడు. ఏమీ లేని చేతిని దాచుకోవడమెందుకు?

ఇంతలో మరొకటి కంటబడింది. ఒక రోజు మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చిన కిషన్ మా ఇంటి గేటు దగ్గర రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. కోడలు యమున వాడి జేబులు, టిఫిన్ సంచి తడిమింది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. మర్నాడూ అంతే. భార్య మగడి జేబులు వెతుకుతోందంటే ఏదో పెద్దదే జరుగుతోంది. సిగరెట్ పోయి మందు వచ్చిందా? నాకు తెలియకుండా దాచే దవాఖాన చీటీ ఏదైనా ఉందా? యమునను అడిగితే, మీ కొడుకునే అడగమని నవ్వింది.

మర్నాడు యమున కంటే ముందే గేటు దగ్గర నిలబడ్డాను.

"నిజం చెప్పు బిడ్డా. నీ జేబులల్ల ఏం దేవులాడుతున్నది అది?"

"సిగరెట్లు, అగ్గిపెట్టె."

"దొరికినయా?"

"దొరకద్దనే గదనే అవ్వా."

బాయిలోకి, అంటే గనిలోకి, దిగే ముందు అందరినీ అలా తడుముతారు. బొగ్గు గాలిలో నిప్పు రవ్వ కూడా ఉండకూడదు. అది నాకు తెలియనిది కాదు, రాయమల్లు చెప్పేవాడు.

"లోపట షిఫ్టంత ఉంటే సిగరెట్ యాదికే రాదు. పైకొచ్చి నెత్తి మీది లైటు అప్పజెప్పంగనే చెయ్యి జేబులకు పోతది. ఈడ దొరకదని మనసుకు ఎరుకైతే అది అడుగదు. గందుకే యమునకు చెప్పి ఇంటిని గూడ బాయి చేసుకున్న."

వాడే మళ్లీ అందుకున్నాడు.

"నువ్వు అంగి వాసన చూస్తవు చూడు, గప్పుడే తాగబుద్ధయితది. ఎట్లాగు అవ్వ నన్ను తాగినోని లెక్కనే చూస్తున్నది, తాగితే ఏందని. బాయి కాడ తనిఖీ చేసెటాయన ముక్కు పెట్టి చూడడు. జేబు తడిమి పొమ్మంటడు. నమ్మినోన్నీ తడుముతడు, నమ్మనోన్నీ తడుముతడు."

నేను వాసన చూస్తున్న సంగతి వాడికి తెలుసని అప్పటిదాకా నాకు తెలియదు.

వాడు చేతులు పైకెత్తాడు. యమున వాకిట్లోనే ఆగిపోయింది. నేనే తడిమాను. చొక్కా జేబులో చిన్న సోంపు పొట్లం దొరికింది. దాన్ని ముక్కు దాకా తీసుకుపోబోయి ఆగాను. మళ్లీ జేబులోనే పెట్టాను.

"పో," అన్నాను.

వాడు లోపలికి పోయాక గేటు పక్క గోడ మీద, ఇటుకల సందుల్లో ఒకసారి చేయి పెట్టి చూశాను. అది వాడి జేబు కాదు కదా.