అక్క బంతి ఎప్పుడూ లోపలే

మా అక్కకు యాభై ఏడేళ్ళు. మోకాలికి పట్టీ, నడుముకు బెల్టు, జేబులో నొప్పి బిళ్ళ. ఇన్ని హంగులతో టెన్నిస్ కోర్టులోకి దిగి, తన వయసులో సగం కూడా లేని పిల్లల్ని ఓడించి పంపుతుంది. మా క్లబ్బులో ఆడవాళ్ళ కప్పు మీద అక్క పేరు కాకుండా ఇంకో పేరు చెక్కించిన గుర్తు నాకు లేదు. చెక్కేవాడికి అలవాటైపోయి, పోటీ మొదలవకముందే పేరు చెక్కి పెట్టేస్తున్నాడని బావ అంటాడు. బావ మాటలు సగం నిజం, సగం నిద్ర.

నేను చెల్లెల్ని. ఆడను. పళ్ళ డాక్టర్ని. నా క్లినిక్కు, అక్క మందుల షాపు ఎదురెదురుగా ఉంటాయి. నేను పన్ను పీకితే తను నొప్పికి బిళ్ళలిస్తుంది, ఆ వచ్చినవాడు మాత్రం నన్ను తిట్టుకుని తనకు దండం పెట్టి వెళతాడు. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరి సంగతి ఇంతే. క్లబ్బు కార్యదర్శిని కూడా నేనే. ఎలా అయ్యానంటే, ఒక మీటింగుకు నేను వెళ్ళలేదు. రానివాళ్ళను ఎన్నుకోవడం మా క్లబ్బు ఆనవాయితీ.

క్లబ్బు అంటే పెద్ద ఊహించుకోకండి. రెండు మట్టి కోర్టులు, ఒక రేకుల గది, బావ నిద్రపోయే బెంచీ. కొత్తగా ఆడపిల్లలెవరూ చేరడం లేదు. చేరినవాళ్ళు ఒక పోటీలో అక్క చేతిలో ఓడిపోతారు, రెండో పోటీలో ఓడిపోతారు, మూడో పోటీ నాటికి ఊరి ఈతకొలనులో తేలతారు. మా అధ్యక్షుడు వకీలు. ఒక కోర్టు చదును చేసి కార్లు పెట్టుకుందామని ఆయన పట్టు. "ఆడేవాళ్ళ కన్నా కార్లు ఎక్కువయ్యాయి కదమ్మా" అన్నాడు. నిజమే కాబట్టి నాకు ఒళ్ళు మండింది.

అక్క దగ్గర మెల్లగా కదిపి చూశాను. "ఇన్నేళ్ళు కప్పు అందుకున్నావు కదా, ఈసారి నీ చేత్తో అందించరాదూ? ఎంత హుందాగా ఉంటుంది!"

"ఓడించమను. అందిస్తాను" అంది, షాపులో మందుల డబ్బాలు సర్దుతూనే.

"నీ తర్వాత ఈ ఆట ఏమైపోవాలే?"

"నా తర్వాత సంగతి నా తర్వాత చూసుకోండి. ఇంకా నేను పోలేదుగా!"

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా పోటీల్లో అంపైర్లుండరు. ఎవరి వైపు పడ్డ బంతిని వాళ్ళే చూసి, లోపలో బయటో చెప్పాలి. మట్టి కోర్టు కాబట్టి బంతి పడ్డచోట మచ్చ మిగులుతుంది, అనుమానముంటే వెళ్ళి చూసుకోవచ్చు. అయితే అక్క కొట్టిన బంతి బయట పడిందని మా క్లబ్బులో ఎవరూ అనరు. గీతకు జానెడు అవతల పడ్డా "అబ్బ, భలే కొట్టారు అత్తయ్యా" అంటారు. అని ఊరుకోరు, ఆ మచ్చను బూటుతో చెరిపేస్తారు. పొరపాటున అక్క కంటబడితే నొచ్చుకుంటుందని.

ఎందుకనరంటే, వాళ్ళలో సగం మందికి రాకెట్ పట్టుకోవడం నేర్పింది అక్క. మిగతా సగం మంది పిల్లలకు జ్వరమొస్తే ఏ మందు ఎంత పోయాలో విసుక్కోకుండా చెప్పింది కూడా అక్కే. అలాంటి మనిషి మొహం మీద 'బయట' అని ఏ నోటితో అంటారు? ఒక్క బంతి దగ్గర మన సొమ్మేం పోయింది అనుకున్నారు. ప్రతివాళ్ళూ ఆ ఒక్క బంతే ఇచ్చారు. అందరిదీ కలిపితే ఎంతవుతుందో ఎవరూ ఆలోచించలేదు. అక్కకు మాత్రం ఇదేమీ తెలియదు. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలిదనుకుంటారని కోర్టులో తీసేస్తుంది, ఇక అవతలి గీత ఆవిడకు కనబడేదెక్కడ? నాకు తెలుసు. బావకు కూడా తెలుసు, ఎంత నిద్రలో ఉన్నా.

ఆ ఏడు ఊరికి కొత్తగా ఒక సర్వేయరు పిల్ల బదిలీ మీద వచ్చింది. స్థలాలు కొలిచే ఉద్యోగం. పక్కపక్క ఇళ్ళవాళ్ళు ప్రహరీగోడ దగ్గర తలలు పగలగొట్టుకుంటుంటే మధ్యలో నిలబడి టేపు లాగి, "ఇది మీది, అది వాళ్ళది" అని చెప్పి వచ్చేస్తుంది. చూడ్డానికి సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. నోట్లో వేలు పెడితే కొరకలేదు అనుకున్నారంతా. రోజూ పదిమంది నోళ్ళలో వేళ్ళు పెట్టేదాన్ని, నాకు తెలుసు, కొరకలేనివాళ్ళంటూ ఎవరూ ఉండరు.

కప్పు పోటీలో ఆ పిల్ల ఒక్కొక్కళ్ళనూ దాటుకుంటూ ఫైనల్‌కు వచ్చింది. అక్క ఎలాగూ వస్తుంది. ఆదివారం సాయంత్రం క్లబ్బు నిండిపోయింది. అక్క చిన్న బంతులు వేసి ఆ పిల్లను ముందుకు లాగుతుంది, తలమీంచి వెనక్కు తరుముతుంది. ఆ పిల్ల పరుగెత్తి పరుగెత్తి అన్నీ తిరిగి కొడుతోంది. అక్క ఆట చూస్తే, నేనెంత ఏడిపించినా సరే ఒప్పుకోవాలి, కడుపు నిండిపోతుంది. చెరొక సెట్టు గెలిచారు. మూడో సెట్టులో ఆ పిల్ల ఇంకొక్క పాయింటు గెలిస్తే కప్పు తనది.

అక్క మూలకు గట్టిగా కొట్టింది. జనం చప్పట్లు కూడా మొదలెట్టారు.

"బయట" అంది ఆ పిల్ల.

చప్పట్లు ఆగిపోయాయి. బావ లేచి కూర్చున్నాడు. బహుశా ఆ మాట ఆ కోర్టులో అంతకుముందు ఎప్పుడూ విని ఉండడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నా పక్కనున్న హెడ్‌మాస్టరమ్మ గొణిగింది. ఈవిడ రెండుసార్లు ఫైనల్లో అక్క చేతిలో ఓడింది.

అక్క నవ్వింది. "సరిగ్గా చూడమ్మా. పడిందిలే."

"చూశాను మేడమ్. మీరూ వచ్చి చూడండి." ఆ పిల్ల కింద కూర్చుని మచ్చ చుట్టూ వేలితో గుండ్రంగా గీసింది. గొంతులో పొగరు లేదు, మొహమాటం అంతకన్నా లేదు. ప్రహరీగోడల దగ్గర ఇలాగే మాట్లాడుతుంది కాబోలు.

అక్క నెట్టు చుట్టూ తిరిగి వెళ్ళింది. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. మోకాలు పట్టుకుని వంగి చూసింది. నాలుగు వేళ్ళు పట్టేంత దూరంలో, గీతకు అవతల, చక్కగా కనబడుతోంది మచ్చ. చాలాసేపు చూసింది. లేచి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఊపింది. కప్పు కూడా అన్నమాట ప్రకారం తన చేత్తోనే అందించింది. కానీ నవ్వుతూనే అందరి బూట్ల వైపూ చూస్తోంది.

ఇంటికి నడుస్తుంటే అడిగింది. "నేను కొడితే అందరూ కాలితో నేల రాస్తారు. అది అలవాటనుకున్నాను. ఏమే, మిగతావి?"

"ఏవి మిగతావి?"

"నంగనాచిలా మాట్లాడకు."

అబద్ధం చెబుదామనుకున్నాను. పేషెంట్లకు 'నొప్పి తెలీదు' అని రోజూ చెప్పే అబద్ధం కన్నా పెద్దదేం కాదు. కానీ అక్క కళ్ళజోడు ఇంకా తియ్యలేదు. "కొన్ని బయటే పడ్డాయి" అన్నాను.

"ఎన్ని?"

"ఎవరు కొలిచారే?"

"అయితే నేను గెలిచినవేవో, మీరు ఇచ్చినవేవో ఎలా తెలుస్తుంది?"

మాటకు మాట అప్పజెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరని పేరు. ఆ రోజు మాత్రం చెప్పులో రాయి దూరిందని వంగి, అక్కను ముందుకు నడవనిచ్చాను.

మర్నాటి నుంచి అక్క కోర్టుకు రాలేదు. దానికి బదులు, షాపుకు వచ్చిన ఒక్కొక్క పాత ప్రత్యర్థినీ పట్టుకుని విచారణ మొదలుపెట్టింది. హెడ్‌మాస్టరమ్మ దగ్గు మందుకు వచ్చింది. "నిజం చెప్పు. మన ఫైనల్లో ఆ ఆఖరి బంతి లోపలా, బయటా?"

"లోపలే అత్తయ్యా! ఒట్టు!"

"రెండోసారి?"

"అదింకా లోపల!"

ఆస్పత్రి నర్సమ్మ వచ్చింది. "లోపలే అత్తయ్యా." వకీలుగారి భార్య వచ్చింది, ఆవిడ జన్మలో ఫైనల్‌కు రాలేదు, ఆవిడ కూడా "లోపలే వదినా" అంది. ఊరు ఊరంతా లోపలే. చివరికి జనం దగ్గుతూనైనా సరే, పక్క వీధి షాపుకు పోవడం మొదలెట్టారు. నాకు నవ్వాగలేదు. నవ్వి, ఇంటికెళ్ళాక ఎందుకో మనసు పాడైపోయింది. పొద్దున్నే కోర్టుకు పోవాల్సిన మనిషి చీపురు పట్టుకుని ఇల్లంతా దులుపుతోందనీ, తనను బెంచీ కాదుగదా మంచం మీద కూడా పడుకోనివ్వడం లేదనీ బావ వచ్చి మొర పెట్టుకున్నాడు. కప్పులున్న బీరువాకు తాళం వేసేసిందట.

ఒక మధ్యాహ్నం సర్వేయరు పిల్ల షాపుకు వచ్చింది. అరచేతిలో పొక్కులకు పూతమందు కావాలట. పేషెంట్లు లేక నేనూ అక్కడే కూర్చుని ఉన్నాను.

"మీరు రావడం లేదేంటి మేడమ్? నాతో ఆడేవాళ్ళే లేరు."

"నాతో ఏం ఆడతావమ్మా? నా కప్పులన్నీ ముష్టి కప్పులు. ఊళ్ళోవాళ్ళు దయతలిచి వేసినవి."

ఆ పిల్ల ఆలోచించింది. ఓదారుస్తుందేమోనని చూశాను. "అది నాకు తెలీదు మేడమ్" అంది. "నేను కొలవంది నేను చెప్పలేను. నాతో ఆడితే మాత్రం, మీ దగ్గర ఎంతుందో అంతే చెబుతాను. ఎక్కువా చెప్పను, తక్కువా చెప్పను."

అక్క మందు పొట్లం కట్టింది. చిల్లర ఇచ్చింది. "పొద్దున్నే రా" అంది.

ఇక చూడాలి. రోజూ పొద్దున్నే ఇద్దరూ ఆడటం, రోజూ అక్క ఓడిపోవడం. కళ్ళజోడుకు వెనక తాడు కట్టుకుని దిగింది, వయసు సంగతి దేవుడెరుగు అంటూ. "బయట" అని ఆ పిల్ల అన్నప్పుడల్లా మొదట్లో అక్క మొహం వాడిపోయేది. తర్వాత తర్వాత "ఎంత బయట?" అని అడగడం మొదలెట్టింది. "రెండు వేళ్ళు." "సరే, కాస్త తగ్గిస్తాను." ఇన్నేళ్ళూ ఎవరూ ఆ రెండు వేళ్ళ సంగతి చెప్పకపోతే ఆవిడ ఎలా తగ్గిస్తుంది పాపం? నేను క్లినిక్కు తలుపులు ఆలస్యంగా తెరిచి, బెంచీ మీద బావ పక్కన కూర్చుని ఇద్దరినీ వెక్కిరిస్తూ ఉండేదాన్ని. అక్కను ఓడించవచ్చు, పైగా బయట పడితే బయట అనవచ్చు అని తెలిశాక, ఈతకొలనులో తేలిన పిల్లలు ఒక్కొక్కరే ఒడ్డెక్కారు. వాళ్ళతో ఆడినప్పుడు అక్కే ముందు చెప్పేది, "నా మొహం చూడకండే, గీత చూడండి" అని. వాళ్ళు ధైర్యంగా "బయట" అనేవాళ్ళు. అన్నా ఓడిపోయేవాళ్ళు. వకీలుగారు కార్ల మాట ఎత్తడం మానేశాడు.

కానీ సర్వేయరు పిల్ల మీద మాత్రం అక్క గెలవలేదు. మిగతావాళ్ళ మీద గెలిస్తే, "వీళ్ళకింకా మొహమాటం పోలేదేమో" అని కొట్టిపారేసేది. ఎంత చెప్పినా నమ్మేది కాదు.

చలికాలం వచ్చేసింది. ఆ రోజు క్లబ్బులో పోటీ ఏమీ లేదు, చూడ్డానికి నేనూ బావా తప్ప ఎవరూ లేరు. చెరొక సెట్టు అయింది. మూడోది సాగి సాగి, అక్క గెలుపుకు ఇంకొక్క పాయింటు దూరంలో నిలబడింది. బావ నిద్ర మానేసి నా చెయ్యి నొక్కేస్తున్నాడు. అక్క అదే మూలకు, గట్టిగా కాదు, ఒడుపుగా వేసింది. ఆ పిల్ల రాకెట్ చాపింది, అందలేదు. వెనక్కు తిరిగి నేల వైపు చూసింది.

"లోపల" అంది. "మీరే గెలిచారు అత్తయ్యా."

అత్తయ్య అనడం అదే మొదటిసారి. అక్కకు అనుమానం పట్టుకుంది. ఇది కూడా ఊళ్ళోవాళ్ళలో కలిసిపోయిందా? రాకెట్ కింద పడేసి గబగబా నెట్టు వైపు నడిచింది. "ఉండు, నేను చూడాలి. నా వయసు చూసి జాలి పడ్డావు కదూ? నిజం చెప్పు!"

"చూసుకోండి, నాకేం? కానీ ఇచ్చేదాన్నయితే, ఆ రోజు కప్పే ఇచ్చేసేదాన్ని కదా అత్తయ్యా. అంతమంది ఎదుట చెడ్డదాన్నవడం నాకేమైనా సరదానా?"

అక్క ఆగిపోయింది. నెట్టు పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి భుజాలు కదులుతుంటే ఆయాసమనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, చిన్నపిల్లలా ఏడుస్తోంది.

నాకు కంగారు పుట్టింది. కంగారు పుడితే నాకు వెటకారమే వస్తుంది. "ఓసి పిచ్చిదానా! ఇంట్లో బీరువా పట్టనన్ని కప్పులు పెట్టుకుని, ఇక్కడ కప్పూ లేదు, జనమూ లేరు, ఒక ఉత్త పొద్దుటాటకు ఏడుస్తావేమే?"

అక్క ముక్కు తుడుచుకుని నా వైపు చూసింది. "ఇది నాదేనే" అంది.