బొట్టు పెట్టిన బటన్

నేను ఒక బటన్‌ని. చొక్కాకి కుట్టే గుండీని కాదు, కంప్యూటర్ డబ్బా ముందు వైపు కింద మూలన నల్లగా, గుండ్రంగా ఉండే పవర్ బటన్‌ని. నన్ను నొక్కితేనే లోపలున్న ఖరీదైన పెద్దమనుషులందరూ నిద్ర లేస్తారు. అయినా డబ్బా కొనేవాళ్లు ఫ్యాన్లలో ఎన్ని రంగుల లైట్లు వెలుగుతాయని అడుగుతారు గానీ, "బటన్ ఎలా ఉంటుందండీ?" అని అడిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

నా ఉద్యోగం గురించి ముందే చెప్పాలి. నొక్కి వదిలేస్తే కంప్యూటర్ లేస్తుంది. వదలకుండా నొక్కి పట్టుకుంటే, అది ఎంత ముఖ్యమైన పనిలో ఉన్నా సరే, నాలుగైదు సెకన్లలో టక్కుమని చచ్చిపోతుంది. హెచ్చరిక ఉండదు, సేవ్ చేసుకుంటావా అని అడిగే మర్యాద ఉండదు. ఈ రెండో సంగతి కంప్యూటర్ చదువుకున్న ప్రతివాళ్లకీ తెలుసు. అవసరమైనప్పుడు ఒక్కళ్లకీ గుర్తు రాదు.

నా పుట్టుకే ఒక షాక్. కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి కొట్టి, ఒళ్లు చల్లారకముందే బయటికి తోసేశారు. వెనక ఒక స్ప్రింగు, దాని వెనక బుల్లి స్విచ్చు, దానికి రెండు సన్నటి వైర్లు. అంతే, నేను తయారు. ఆ వెంటనే ఒక ఇనుప వేలు వచ్చి నన్ను నొక్కడం మొదలుపెట్టింది. ఎందుకు నొక్కుతోందో చెప్పదు, ఎప్పుడు ఆపుతుందో చెప్పదు. నేను లోపలికి వెళ్లాను, బయటికి వచ్చాను, మళ్లీ వెళ్లాను, మళ్లీ వచ్చాను. చివరికి ఎవరో "పాస్" అన్నారు. నా మొత్తం చదువు అదే: లోపలికి వెళ్లినవాడు బయటికి రావాలి.

ఓడెక్కి, లారీ ఎక్కి, హైదరాబాద్‌లో ఒక షాపు అరలో కొన్నాళ్లు దుమ్ము తిని, అక్కడినుంచి కొరియర్‌లో బందరు చేరాను. ఇల్లు చిన్నది. ముందు గదిలో సగం నాంచారమ్మది. ఆవిడ జాకెట్లు కుడుతుంది. మోటారు పెట్టిన కుట్టుమిషన్, గుడ్డలు కత్తిరించే పొడవాటి బల్ల, గోడకి వేలాడే రంగురంగుల దారాలు. మిగతా సగం ఆవిడ కూతురు హిమబిందుది. ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, బొమ్మల్ని నడిపించడం నేర్చుకుంది. యానిమేషన్ అంటారు.

కంప్యూటర్‌ని బిందు తనే బిగించింది. నేల మీద చాప పరిచి, ఫోన్‌లో వీడియో పెట్టుకుని, ఒక్కో భాగాన్నీ పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపల పెట్టింది. నాంచారమ్మ చేతిలో కత్తెరతో అలాగే నిలబడి చూసింది.

"కొత్తది అన్నావు, ఎవరో ఊడదీసి పారేసినట్టుందేంటే?"

"ఇది ఇలాగే వస్తుందమ్మా. మనమే బిగించుకోవాలి."

"కుట్టని జాకెట్టు అమ్మినట్టా?"

బాబాయి శేషుబాబు గుమ్మంలోనే నిలబడి తీర్పు చెప్పేశాడు. "షాపువాడు బిగిస్తే గ్యారంటీ వాడిస్తాడమ్మాయ్. నువ్వు బిగిస్తే నువ్వే గ్యారంటీ."

బిందు నన్ను మొదటిసారి నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది. నాంచారమ్మ ఒక్క పరుగున వెళ్లి కుంకుమ భరిణె, తడిపిన పసుపు పట్టుకొచ్చింది. ఈ ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకీ బొట్టు ఉంది. మిషన్‌కి ఉంది, బీరువాకి ఉంది, గ్రైండర్‌కి ఉంది. డబ్బాకి ముఖం ఎక్కడుందా అని ఆవిడ కాసేపు వెతికింది. గుండ్రంగా, నుదుటిలా కనిపించింది నేనే. చల్లటి పసుపు, దాని మీద కుంకుమ. నిజం చెప్తున్నాను, పొంగిపోయాను. నన్ను అంతవరకూ అందరూ నొక్కారు గానీ, ఎవరూ దణ్ణం పెట్టలేదు.

అసలు గొడవ మర్నాడు మొదలైంది. డబ్బాని బల్ల కింద, మిషన్ కాలికి ఆనించి పెట్టారు. కుర్చీలో కూర్చున్న బిందు వంగడానికి బద్ధకించి, కాలి బొటనవేలితో నన్ను నొక్కింది. చదువుకున్న పిల్లలందరూ చేసే పనే అది. నాంచారమ్మ చూసింది.

"ఒసేయ్! బొట్టు పెట్టినదాన్ని కాలితో తొక్కుతావా?"

"తొక్కలేదమ్మా, ఆన్ చేశా."

"కళ్లు పోతాయే!"

కళ్లు పోకుండా ఆవిడే నివారణ చేసింది. కూతురు కాలు తగిలినప్పుడల్లా, బిందు లేచి వెళ్లాక, కొంచెం పసుపు, కొంచెం కుంకుమ. కాలు, పసుపు. కాలు, పసుపు. ఆ తడి పసుపు నా అంచు చుట్టూ ఉన్న సందులోకి జారింది. బందరు ఉప్పుగాలికి అది సరిగ్గా ఎండదు, తడిగానూ ఉండదు, జిగురైపోతుంది. ఒకరోజు బిందు బొటనవేలు నన్ను నొక్కి వెళ్లిపోయింది. నేను బయటికి రాబోయాను. సగంలో ఆగిపోయాను.

నాకు దిమ్మ తిరిగింది. ఇనుప వేలు అన్నిసార్లు నొక్కినా రాని కష్టం ఇది.

అప్పుడే నాంచారమ్మ మిషన్ మోటారు అందుకుంది. నేల అదిరింది, డబ్బా అదిరింది, నేను వెంట్రుకవాసి లోపలికి జారాను. స్విచ్చు తగిలింది, తగిలినట్టే ఉండిపోయింది. వద్దు, వద్దు అనుకుంటూ ఉండగానే నాలుగు సెకన్లు గడిచిపోయాయి. కంప్యూటర్ చచ్చిపోయింది.

"అయ్యో, నా పీత!" అని అరిచింది బిందు.

ఆ పీత సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో ఒక స్టూడియో వాళ్లు ఏదైనా ఒక ప్రాణిని నడిపించి సోమవారం పొద్దున్నకల్లా వీడియో పంపమన్నారు. నచ్చితే ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఇస్తారు. నచ్చకపోయినా, అసలు పంపకపోయినా, బాబాయి స్నేహితుడి సెల్‌ఫోన్ షాపులో బిల్లులు కొట్టే ఉద్యోగం సిద్ధంగా ఉంది. బిందు ఇన్ని జంతువులుండగా పోయిపోయి పీతని ఎంచుకుంది. మంగినపూడి సముద్రపు ఒడ్డు ఇసుకలో అది తన నీడని చూసి తనే బెదిరి అడ్డంగా పరిగెడుతుంది. దాని ప్రతి కాలినీ విడివిడిగా నడిపించాలి. అదంతా అయ్యాక కంప్యూటర్ గంటల తరబడి ఆగకుండా కూర్చుని వీడియోగా తయారు చేయాలి. మధ్యలో చచ్చిందంటే ఆ వీడియో పాడైపోయినట్టే, మళ్లీ మొదటి నుంచి.

ఇక్కడినుంచి మనుషుల తెలివి చూసి నేను నిర్ఘాంతపోతూనే ఉన్నాను.

ముందు బిందు కంప్యూటర్‌నే అడిగింది. అది తన చిట్టాలో "అనుకోకుండా ఆగిపోయాను" అని మాత్రం రాసుకుంది. ఎంత గొప్ప సమాచారమో! తర్వాత ఇంటర్నెట్‌లో అడిగింది. ఒకడు మెమరీ అన్నాడు, ఒకడు వేడి అన్నాడు, ఇంకొకడు తనకీ ఇలాగే అయిందని చెప్పి, తర్వాత ఏమైందో చెప్పకుండా మాయమయ్యాడు. మెమరీ కార్డు ఊడదీసి, దాని బంగారు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్దింది. విండోస్ మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించింది. ఫోన్ చేస్తే షాపువాడు, "పవర్ సప్లై మార్చి చూడండి మేడమ్," అన్నాడు, కూరలో ఉప్పు వేసి చూడండి అన్నంత తేలిగ్గా. ప్రతిసారీ డబ్బా విప్పింది, మూసింది. ప్రతిసారీ నన్ను కాలి వేలితోనే నొక్కింది, ఆ కుదుపుకి నేను మళ్లీ సగం దాకా బయటికి వచ్చేవాణ్ణి. ప్రతిసారీ నాంచారమ్మ, పాపం, ఈసారైనా నడవాలని ఇంకాస్త పసుపు పెట్టింది.

నేను వాళ్ల ముందే ఉన్నాను. పచ్చగా, ఎర్రగా, ఇంత బొట్టుతో మెరిసిపోతూ ఉన్నాను. అంతకంటే ఎలా కనిపించాలో నాకు తెలియదు.

రోగం కనిపెట్టింది మాత్రం శేషుబాబు. కాఫీ తాగుతూ ఉండగా మిషన్ నడిచింది, కంప్యూటర్ ఆగింది. ఆయన కప్పు కింద పెట్టేశాడు.

"వదినా! మీ మిషన్ మోటారే కరెంటంతా లాగేస్తోంది. దీనికి వోల్టేజీ చాలడం లేదు. చూశారా, చదువుకోని నాకు తెలిసింది!"

బిందు వాళ్లమ్మ వైపు చూసింది. శ్రావణమాసం వచ్చేసింది, జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. నాంచారమ్మ లేచి మిషన్ ప్లగ్ పీకేసి, దాని మీద గుడ్డ కప్పింది.

"నీ పీత నడిచేదాకా నేను ముట్టుకోను లేవే."

నాకు నోరుంటే ఆ పూట ఆ ఇంటి పైకప్పు లేచిపోయేది. ఆ మిషన్ పక్కనే ఉన్నాను నేను. అది చేసిన తప్పల్లా నడవడమే.

మిషన్ ఆగాక రెండు రోజులు అంతా బాగానే ఉంది. బాబాయి మీసం మెలేసి తిరిగాడు. శనివారం సాయంత్రం, వీడియో ఇంకాసేపట్లో పూర్తవుతుందనగా, నాంచారమ్మ బీరువా తలుపు గట్టిగా వేసింది. చిన్న అదురు. నేను జారాను. కంప్యూటర్ చచ్చింది.

ఈసారి బిందు కుర్చీలోనే ఉండి తన రెండు చేతుల్నీ తిప్పి చూసుకుంది.

"నేనే ఏదో తప్పు బిగించానమ్మా. నాకు రాదేమో ఈ పని."

"నీ మొహం. హుక్కు బదులు కాజా కుట్టినదానివా నువ్వు? మొత్తం విప్పి మళ్లీ చూసుకో."

కుట్టు చెడిపోతే విప్పి కుట్టడం నాంచారమ్మకి తెలిసిన ఒకే ఒక్క వైద్యం. కానీ బిందు ఆ మాటని పట్టుకుంది. ఆదివారం పొద్దున్నే డబ్బాలోంచి అన్నీ బయటికి తీసి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద అట్టపెట్టె వేసి, దాని మీద పరిచింది. నేను ఖాళీ డబ్బాతో పాటు గోడ పక్కన ఉండిపోయాను. మరి నేను లేకుండా ఎలా లేపుతుంది? నాకు ఆ ధీమా ఉంది. ఆ పిల్ల స్క్రూడ్రైవర్ కొనతో, నా వైర్లు తగిలించే చోట ఉన్న రెండు సూదుల్ని ఒక్కసారి తాకించింది. ఫ్యాన్లు తిరిగాయి.

నన్ను ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నాళ్లూ నేను చేసిన గొప్ప పని ఇదా?

పీత మళ్లీ మొదటి నుంచి బయల్దేరింది. ఇంతలో గుమ్మంలో ఒకావిడ ప్రత్యక్షమైంది.

"నాంచారమ్మా, ఇవాళ పెళ్లికెళ్లాలి, జాకెట్టు చేతులే మిగిలాయన్నావు! ఇప్పుడు నన్నేం తొడుక్కోమంటావు?"

నాంచారమ్మ కూతురి వీపు వైపు చూసింది, వచ్చినావిడ ముఖం చూసింది. బిందు చెవుల్లో పాటలు పెట్టుకుని తెరకి అతుక్కుపోయి ఉంది. ఆవిడ మెల్లగా ప్లగ్ పెట్టేసింది. మోటారు దడదడలాడింది. బల్ల మొత్తం వణికింది.

"అమ్మా!" బిందు ఎగిరి లేచింది. చెవుల్లోంచి వైర్లు ఊడిపోయాయి. "ఆపు! ఆపు! ఆపు..."

తెర మీద పూర్తయిన బొమ్మల లెక్క పెరుగుతూనే ఉంది. మిషన్ నడుస్తోంది. కంప్యూటరూ నడుస్తోంది.

"ఆపకమ్మా," అంది. "ఇంకా గట్టిగా తొక్కు."

"పిచ్చెక్కిందేంటే నీకు?"

"తొక్కమ్మా!"

మిషన్ మోత వీధిలోకి వినిపించింది. ఏదీ చావలేదు. బిందు బల్ల మీదున్న ఒక్కో భాగాన్నీ చూసింది. అన్నీ ఇక్కడే ఉన్నాయి. మరి ఇక్కడ లేనిదేంటి? తల తిప్పి గోడ పక్కన ఖాళీ డబ్బాని చూసింది. దగ్గరికొచ్చి గొంతుక్కూర్చుంది. బిగించిననాటి తర్వాత మళ్లీ ఇదే మొదటిసారి ఆ పిల్ల చెయ్యి నా మీద పడటం. నొక్కింది. వెళ్లాను. వదిలింది. రాలేదు.

బిందు తన వేలు చూసుకుంది. పచ్చగా ఉంది.

ఆ ముఖం నేను ఎప్పటికీ మర్చిపోను. వేలు పైకెత్తి అలాగే వాళ్లమ్మ దగ్గరికి నడిచింది.

"ఇది ఎన్నిసార్లు పెట్టావమ్మా?"

"నువ్వు తొక్కినప్పుడల్లా పెట్టా. ఏం?"

బిందు చెప్పింది. పసుపు లోపలికి దిగడం, నేను ఇరుక్కోవడం, అదురుకి జారడం, అంతా. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించేసింది. అమ్మ ఎక్కడ ఏడుస్తుందోనని భయపడింది. నేనూ భయపడ్డాను. జాకెట్టు కోసం వచ్చినావిడ కూడా నుదుటి మీది బొట్టుని ఒకసారి తడిమి చూసుకుంది.

నాంచారమ్మ కళ్లు పెద్దవయ్యాయి. మిషన్ మీద చెయ్యి వేసింది.

"అయితే నా మిషన్ తప్పు కాదన్నమాట!"

"కాదమ్మా. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. నేను అనుకుంటూనే ఉన్నా! నీకన్నా ముందు పుట్టింది, ఒక్కరోజు నన్ను మోసం చెయ్యలా. గుడ్డ కప్పి మూలన కూర్చోబెట్టావు కదే దాన్ని! ముందు దానికి సారీ చెప్పు."

"మిషన్‌కా?"

"మరి నాకా? నేను బొట్టేగా పెట్టింది. కాలితో తొక్కింది నువ్వు!"

బిందు మిషన్‌కి సారీ చెప్పింది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పని చేసుకున్నారు. చీకటి పడకముందే పీత ఇసుక దాటేసి, వీడియో అయిపోయి, హైదరాబాద్ వెళ్లిపోయింది. ఆ స్టూడియో వాళ్లు చూసి, "ఆ పీతలో అంత ఉలికిపాటు ఎలా తెప్పించారు?" అని అడిగారట. ఒక వంటనూనె ప్రకటనకి కోడిపుంజుని నడిపించే పని ఇచ్చారు. శేషుబాబు విని తల పంకించాడు. "వోల్టేజీ కాదని నేను ముందే అనుకున్నా," అన్నాడు. నాకు కాళ్లు లేవు గానీ, ఉంటే ఆ మాటకి కూలబడేవాణ్ణి.

బిందు అన్నీ మళ్లీ డబ్బాలో బిగించింది. నన్ను తడిగుడ్డతో తుడిచి, కాసేపు ఆలోచించింది. తర్వాత నా వెనకున్న రెండు వైర్లూ పీకేసింది. నా పక్కనే కందిగింజంత రీసెట్ బటన్ ఒకడున్నాడు, ఇన్నాళ్లూ ఎవరూ పలకరించనివాడు. వాడి వైర్లు తీసి నా వైర్లున్న చోట పెట్టింది. ఇక కంప్యూటర్‌ని లేపేది వాడే.

శుక్రవారం నాంచారమ్మ భరిణెతో వచ్చి, అలవాటుగా వంగి, ఆగిపోయింది. చెయ్యి గాల్లోనే ఉంది.

"పెట్టుకో అమ్మా," అంది బిందు. "ఎంత కావాలంటే అంత పెట్టుకో. దాని వెనక ఏం లేదు."

"ఏం లేకపోవడమేంటే? దేవుడు లేడా?"

"ఉన్నాడులే. వైరు లేదు."

"మరి నువ్వు కాలితో నొక్కేది?"

"అది పక్కది. దానికి బొట్టు లేదుగా."

నాంచారమ్మ పక్కవాణ్ణి చూసింది, నన్ను చూసింది, న్యాయం కుదిరిందనుకుంది. నిండుగా పసుపు పెట్టి, కుంకుమ అద్ది, దణ్ణం పెట్టుకుని మిషన్ ఎక్కింది.

ఇప్పుడు నేను మళ్లీ ఇరుక్కుపోయాను, ఈసారి పూర్తిగా. పక్కన మోటారు అదురుతోంది, పైన కోడిపుంజు నడుస్తోంది, ఏదీ ఆగడం లేదు. రీసెట్ గాడు రోజంతా కాలి వేలి కింద నలుగుతున్నాడు, వాడికి ఒక్క చుక్క కుంకుమ లేదు. పని చేసినన్నాళ్లూ నన్ను తొక్కారు. పని పోయాక మొక్కుతున్నారు. నేనింకా ఆ షాక్‌లోనే ఉన్నాను.