తెరేసమ్మ తోట

"అమ్మాయ్, ప్లేట్లు చాలవు. పక్కింటి మంజుల వాళ్లయి తెచ్చుకోవాల" అని అత్తగారు సువార్తమ్మ వంటింట్లోంచి కేకేసేసరికి ఫేబా ఇంకా యూనిఫాం కూడా విప్పలేదు. మధ్యాహ్నం ఇంట్లో ప్రార్థన కూటం. గల్ఫ్‌లోని ఈ మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉన్న తెలుగు సంఘమంతా వస్తుంది. భర్త ఏసురాజు సంఘ పెద్ద. వాక్యం ఆయన చెబుతాడు, పులావు ఫేబా వండుతుంది. వాక్యం బాగుందని అందరూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతారు. పులావు బాగుంటే అదీ ఏసురాజు గారింటి పులావే.

బట్టలు మార్చుకుందామని గదిలోకి వెళ్లి, ముందు బీరువా కింది అరలో చెయ్యి పెట్టి చూసింది. స్వెట్టర్ లేదు. అందులో చుట్టి పడుకోబెట్టిన సీసా కూడా లేదు.

ఫేబా ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే నర్సు. కొన్ని నెలలుగా లూచానో అనే ఇటలీ ముసలాయన కాలి పుండుకి కట్టు కడుతోంది. గాజుగుడ్డ ఊడదీస్తున్నప్పుడు నొప్పి మరిచిపోవడానికి ఆయన వాళ్ల ఊరి సంగతులు చెప్పేవాడు. కొండ మీద వాళ్లవి తరాల నాటి ద్రాక్షతోటలు. అన్నీ తండ్రివి, ఒక్క వాలు మీది తోట మాత్రం తల్లిది, ఆవిడకి వాళ్లమ్మ ఇచ్చింది. పంటంతా కలిపి ఒకే తొట్టిలో పోద్దామని ఇంటిల్లిపాదీ పోరుపెట్టినా ఆ తెరేసా అనే ఆవిడ ససేమిరా అందట. నా తోట పళ్లకి వేరే తొట్టి, వేరే సీసా, సీసా మీద నా పేరు. ఇప్పటికీ అదే పద్ధతి. ఫేబా మనసులో ఆవిడ ఎప్పుడో తెరేసమ్మ అయిపోయింది. ఎంత ధైర్యం, అనుకునేది కట్టు చుడుతూ.

పుండు మానే రోజుల్లో ఆయన కూతురి చేత ఆ సీసా ఒకటి తెప్పించి చేతిలో పెట్టాడు. "నన్ను డాక్టరు తాగనివ్వడు. నా బదులు నువ్వు రుచి చూసి ఎలా ఉందో చెప్పు. మీద పడిపోయే రకం కాదు, నెమ్మదైన వైను. ఎండ మాత్రం తగలనివ్వకు, చచ్చిపోతుంది."

చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే చిన్న గ్లాసుడు ద్రాక్షరసం, అదీ ప్యాకెట్లోది, తప్ప ఫేబా ఇంకేం ఎరగదు. అయినా సరేనంది. ఇన్నేళ్లలో ఆమెకు పని అప్పజెప్పనివాళ్లు లేరు. ఒక రుచి అప్పజెప్పింది ఆయనొక్కడే.

"కారు డిక్కీలో పెట్టాన్లే" అన్నాడు ఏసురాజు, ఖాళీ అర తడుముతున్న ఆమెని అద్దంలో చూసి టై సర్దుకుంటూ. "సంఘం ఆడాళ్లు పిల్లల్నేసుకుని గదిలోకొస్తారు. అది కంటబడితే నా పరువేం కాను? సోమవారం ఆఫీసులో మా బాసు, ముదీర్‌కిచ్చేత్తాను. ఆయన ఇలాంటియ్యంటే పడిచత్తాడు."

"అది నాకిచ్చారండీ."

"నీదీ నాదీ ఏంటే? అంతా మనదేగా! అయినా నువ్వేమన్నా తాగుతావా ఏంటి?"

"ఎప్పుడు పెట్టారు డిక్కీలో?"

"మొన్న."

మొన్నట్నుంచి. జూలై ఎండలో, నీడన్నది లేని ఇసక పార్కింగ్‌లో. "తాళాలివ్వండి" అంది. "ఇప్పుడా? అదిగో బెల్లు" అని ఆయన నవ్వు ముఖం పెట్టుకుని తలుపు తియ్యడానికి వెళ్లిపోయాడు.

పాటలు, సాక్ష్యాలు, వాక్యం. ఫేబా కళ్లు మూసుకుందే కానీ లోపల కారు ఉడుకుతోంది. మనదే! ఈ మాటతో ఎన్ని పోయాయి? ఆయన ఈ దేశంలో అడుగుపెట్టింది ఆమె వీసా మీద. ఊళ్లో మాత్రం ఏసురాజు పెళ్లాన్ని దుబాయ్ తీసుకెళ్లాడని చెప్పుకుంటారు. దాన్ని ఏ రోజూ ఆయన దిద్దలేదు. ఆమె జీతం మనది, ఆమె సెలవులు మనవి, సెలవుల్లో వండిపెట్టే చాకిరీ మనది. ఆయన కుర్చీ మాత్రం ఆయనదే, అందులో ఇంకెవరూ కూర్చోకూడదు. ఆయన నిద్ర ఆయనదే, నైటు డ్యూటీ చేసొచ్చినా మిక్సీ వెయ్యకూడదు. "మగాడికి ఓ మర్యాదుండాలి కదమ్మాయ్" అంటారు అత్తగారు. ఆమెన్ అని అందరూ అన్నారు. ఫేబా లేచి పులావు గిన్నె మూత తీసింది.

ఆఖరి ప్లేటు ఎత్తగానే తాళాలు తీసుకుని కిందికి పరుగెత్తింది. డిక్కీ తెరిస్తే వేడి ముఖాన కొట్టింది. బిరడా సగం పైకి తోసుకొచ్చింది, కారిన వైనుతో స్వెట్టర్ జిగటగా అట్టకట్టింది. పైకి తెచ్చి వంటింట్లో కత్తిమొనతో బిరడా పెకిలించి, స్టీలు గ్లాసులో కొంచెం పోసుకుని నాలిక మీద వేసుకుంది. చింతపండు పులుసులో మాడిన బెల్లం కలిపినట్టుంది.

"అయ్యో అయ్యో, ఏం తాగుతున్నావమ్మాయ్?" సువార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చచ్చిపోయిందత్తయ్యా" అంది ఫేబా. ఏడుపు రాలేదు, ఒళ్లంతా కోపం.

ఏసురాజు సీసా చూసి ముందు తన మేనేజరుకి ఇవ్వడానికి లేకుండా పోయిందే అని బాధపడ్డాడు. తర్వాత అన్నాడు, "బాగుందని చెప్పెయ్. ముసలాడికేం తెలుత్తాది?"

బాగుంది. పెళ్లిచూపులనాడు అబ్బాయి ఎలా ఉన్నాడంటే బాగున్నాడంది. ఊళ్లో కట్టే ఇంటికి ఆయన పేరొక్కటే పెట్టించి చూపిస్తే బాగుందంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నామంది. అడిగినవాళ్లకి అంతకన్నా అక్కర్లేదు. లూచానోకి మాత్రం నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

మర్నాడు కట్టు విప్పీ విప్పకముందే వైను ఎలా ఉందని ఆయన అడిగాడు. మేం పాడు చేసుకున్నామండీ అని ఇంగ్లీషులో మాట నాలిక చివరిదాకా వచ్చింది. మేం! దాన్ని మింగేసింది. "మా ఆయన కార్లో పెట్టాడు. ఎండకి చచ్చిపోయింది. నేను చూసుకోలేకపోయాను" అంది.

"ఇంకొకటి ఉంది" అన్నాడాయన. "ఈసారి ఎక్కడ పెడతావు?"

చిన్న ప్రశ్నే. ఫేబా ఇల్లంతా మనసులో వెతికింది. హాలు ఆయనది, వంటిల్లు అత్తగారిది, బీరువా అందరిది. సీసాడు చోటు దొరకలేదు. సిగ్గేసింది. "రేపు చెబుతాను" అంది.

వస్తూ వస్తూ ముసఫ్ఫా బజార్లో ఒక గొళ్లెం, తాళంకప్ప కొంది. బీరువా కింది అరలోంచి ఏసురాజు పాత కోట్లన్నీ తీసి మంచం మీద పడేసింది. తడిగుడ్డతో తుడిచింది. మోకాళ్ల మీద కూర్చుని అర తలుపుకి గొళ్లెం పెట్టి స్క్రూలు తనే బిగించింది. చప్పుడు విని ఏసురాజు వచ్చాడు.

"ఏం దాచావందులో?"

"ఏం లేదు. ఖాళీ."

"ఖాళీ దానికి తాళమేంటే, పిచ్చా?"

ఫేబా తాళంచెవిని మెళ్లో గొలుసుకి తగిలించుకుంది.

"అది నాదండీ."